రామప్ప దారికి జానెడు మొరం

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను హనుమకొండ నివాసిని. నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి అయిదేళ్ల క్రితం ఉద్యోగ విరమణ పొందాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ చెరువు కట్టల మీద సైకిల్ తొక్కిన అలవాటు ఆ తరువాత కూడా పోలేదు. పోలేదనడం కన్నా ముదిరిందనడం సబబు. ఏడాదికి మూడు నాలుగుసార్లు హనుమకొండలో బయలుదేరి ములుగు మీదుగా పాలంపేట రామప్ప గుడికి, అక్కడి నుంచి గణపురం కోట గుళ్లకు వెళ్లి, ఆ రాత్రికి గణపురంలో బంధువుల ఇంట పడుకుని, మరునాడు రేగొండ, పరకాల మీదుగా తిరిగి వస్తుంటాను. మొత్తం చుట్టు 150 కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఈ దారిలో నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ఒక లోపం ఉంది. అది రోడ్డు మీది గుంత కాదు, రోడ్డు పక్కన లేని మట్టి. ఇంజినీర్లు సైడ్ బర్మ్ అని పిలిచే ఆ మట్టి పట్టీ కొట్టుకుపోయి, తారు అంచుకూ నేలకూ నడుమ జానెడు మెట్టు ఏర్పడింది. దాని గురించే ఈ ఉత్తరం.

ముందుగా ఆ దారి ఎలాంటిదో చెప్పాలి. మనది కొండసీమ అని ఎవరూ అనరు, కానీ సైకిల్ తొక్కేవాడికి మన పీఠభూమి సమతలం అని చెబితే నమ్మడు. కారులో పోయేవారికి తెలియని ఎత్తుపల్లాలు పిక్కలకు తెలుస్తాయి. దీనికి కారణం చెరువులే. మన చెరువులు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దూకిన నీరు కింది చెరువుకు చేరేట్టుగా పూర్వులు నేల వాలు చూసి కట్టలు పోశారు. రోడ్డు ఈ గొలుసును అడ్డంగా దాటుతూ పోతుంది కనుక ప్రతి చెరువు దగ్గరా పల్లంలోకి దిగి, దాటగానే మళ్లీ గడ్డ మీదికి ఎక్కుతుంది. గూడెప్పాడ్ కూడలి దాటి ఆత్మకూరు, కటాక్షపూర్, మల్లంపల్లి, జాకారం అంటూ పోయే దారిలో దిగుడు వచ్చిందంటే ముందు నీళ్లున్నాయని, ఎక్కుడు వచ్చిందంటే ఊరు దగ్గరపడిందని నేను కళ్లు మూసుకుని చెప్పగలను. భారీ వానలు పడిన ఏళ్లలో కటాక్షపూర్ చెరువు మత్తడి నీరు రోడ్డు మీదుగానే పారి రాకపోకలు ఆగిపోయే సంగతి మీ పాఠకులకు కొత్త కాదు. ములుగుకు ముందు గట్టమ్మ తల్లి గుట్ట దగ్గర వచ్చే ఎక్కుడు మాత్రం నిజమైన ఎక్కుడు. మేడారం పోయే భక్తులు మొదటి మొక్కు గట్టమ్మకు చెల్లించుకుని ముందుకు సాగుతారు, నేను ఊపిరి తీసుకోవడానికి ఆగుతాను.

జంగాలపల్లి దగ్గర జాతీయ రహదారిని విడిచి పాలంపేట వైపు తిరిగాక లారీల రొద వెనకబడుతుంది. రోడ్డు సన్నబడుతుంది, ఇరువైపులా వరి మళ్లు, అక్కడక్కడ చింతలు, వేపలు, మధ్యమధ్య తాటివనాలు. ఆ దారి చివర 1213లో కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి ఉంది. నక్షత్రాకారపు పీఠం, ఎర్రని ఇసుకరాతి గోడలు, నల్లరాతి మదనికలు, నీటిలో తేలే తేలికైన ఇటుకల శిఖరం, వీటి గురించి ఇప్పటికే ఎంతో రాశారు. 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినప్పటి నుంచి సందర్శకుల రాక పెరిగింది, అది సంతోషమే. అయితే వచ్చేవారిలో అధికులు గుడి చూసి, ఫొటో దిగి, కారెక్కి వెళ్లిపోతారు. గుడికి కిలోమీటరు దూరంలో అదే రుద్రుడు తవ్వించిన చెరువు ఉందని, ఆ చెరువు తూముల కింద నేటికీ పొలాలు పండుతున్నాయని, గుడీ చెరువూ ఊరూ ఒకే ఆలోచనలోంచి పుట్టాయని వారికి తట్టే అవకాశం తక్కువ. సైకిల్ మీద వచ్చినవాడికి ఇది ఎవరూ చెప్పనక్కరలేదు, ఎందుకంటే అతను అప్పటికే డెబ్బై కిలోమీటర్ల పొడవునా చెరువు తరువాత చెరువు దాటుతూ వచ్చాడు. ఉద్యోగ జీవితమంతా తూములు, మత్తళ్లు చూసినవాణ్ని కనుక నాకు ఇది మరీ ఎక్కువగా కనిపిస్తుందేమో, పాఠకులు మన్నించాలి.

పాలంపేట నుంచి గణపురం పది కిలోమీటర్ల దారి. నా దృష్టిలో ఈ చుట్టులో అందమైన భాగం ఇదే. గణపురంలో కోట గోడ నడుమ చిన్నా పెద్దా కలిపి ఇరవైకి పైగా గుళ్లున్నాయి, అందుకే వాటిని కోట గుళ్లు అంటారు. రామప్ప దగ్గర కనిపించే జనసందోహం ఇక్కడ ఉండదు. ఉదయం పూట వెళ్తే గుళ్ల మధ్య మనం, పిచ్చుకలు తప్ప మరొకరుండరు. (ఊరి పేరు ఒక బోర్డు మీద గణపురం అని, మరో దాని మీద ఘనపూర్ అని, ఇంకో చోట ఘన్‌పూర్ అని ఉంటుంది. స్టేషన్ ఘన్‌పూర్‌తో తికమకపడి అటు వెళ్లిన మిత్రుడొకరు నాకున్నారు.) అక్కడి నుంచి పరకాల–భూపాలపల్లి రోడ్డెక్కితే రేగొండ సమీపంలో పాండవుల గుట్టలు వస్తాయి. ఆ రాతి గుహల్లో ఆదిమానవులు ఎర్రరంగుతో వేసిన బొమ్మలున్నాయి. పరకాలలో 1947 సెప్టెంబరు 2న నిజాం పాలనపై జాతీయ జెండాతో కదిలిన జనంపై జరిగిన కాల్పుల్లో అమరులైనవారి స్మారకం, అమరధామం ఉంది. గుహల నాటి మనిషి నుంచి నిన్నటి పోరాటం వరకు ఒక్క చుట్టులో, రెండు రోజుల్లో చూడగలిగిన దారి రాష్ట్రంలో మరొకటి ఉందని నేను అనుకోను.

ఇక లోపం సంగతి. గ్రామీణ రోడ్డుకు తారు వేసినప్పుడు, దాని అంచును పట్టి ఉంచడానికి ఇరువైపులా మొరం, అంటే గట్టి కంకర మట్టి, పోసి, రోలర్‌తో తొక్కించి, నీరు బయటికి జారేలా కొద్దిపాటి వాలు ఇవ్వాలి. ఇది పద్ధతి. కొన్నేళ్లకు పాత తారు మీద కొత్త పొర వేస్తారు. అప్పుడు మట్టిని కూడా అంతే ఎత్తున పెంచాలి. పెంచరు. మరి కొన్నేళ్లకు మరో పొర వేస్తారు. రోడ్డు ఎత్తు పెరుగుతూ, పక్కనున్న మట్టి ప్రతి వానకూ కరుగుతూ, రెండింటి నడుమ మెట్టు పెరుగుతూ పోతుంది. 2023 జూలైలో వెంకటాపూర్ మండలంలోని లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడిన సంగతి గుర్తుండే ఉంటుంది. ఆ వరద తరువాత తెగిన రోడ్లకు తారు వేశారు, గుంతలు పూడ్చారు, కాదనను. కొట్టుకుపోయిన మట్టిని మాత్రం నేను తిరిగిన దారుల్లో చాలాచోట్ల తిరిగి పోయలేదు. దీనికి తోడు దున్నకాల్లో దమ్ముకు బిగించే ఇనుప చక్రాలు (కేజ్ వీల్స్) తీయకుండానే ట్రాక్టర్లు తారెక్కడంతో అంచులు పెచ్చులుగా ఊడిపోతున్నాయి. మట్టి ఆసరా లేని అంచు మొదట కొరుక్కుపోతుంది, ఆ కొరికిన చోట నీళ్లు నిలుస్తాయి, ఆ నీళ్లు తారు కిందికి దిగుతాయి, ఏడాది తిరిగేసరికి అక్కడ గుంత పడుతుంది. అంటే ఇది సైకిళ్లవారి గోడు మాత్రమే కాదు, లక్షలు పోసి వేసిన రోడ్డు ఆయుష్షు కూడా ఆ మట్టి మీదే ఆధారపడి ఉంది.

సైకిల్‌కు ఈ మెట్టు ఎందుకు ప్రమాదమో తొక్కనివారికి వివరించాలి. వెనక నుంచి లారీ హారన్ కొట్టినప్పుడు సైకిల్‌వాడు మట్టిలోకి దిగక తప్పదు. దిగడం కష్టం కాదు. తిరిగి ఎక్కడమే కష్టం. ముందు చక్రం తారు అంచుకు ఏటవాలుగా తగిలితే పైకి ఎక్కదు, అంచు వెంబడే గీసుకుంటూ పోతుంది. హ్యాండిల్ తిప్పినా సైకిల్ తిరగదు. మనిషి మాత్రం రోడ్డు వైపే ఒరిగి పడతాడు. మట్టి వైపు పడితే మోకాలు గీసుకుంటుంది, రోడ్డు వైపు పడితే వెనక వస్తున్న బండి కిందే పడతాం. నా పాత అట్లాస్ సైకిల్ టైరు ఒకటిన్నర అంగుళాలు ఉండేది, అది ఎలాగో ఎక్కేది. ఇప్పుడు మా అబ్బాయి కొనిచ్చిన గేర్ల సైకిల్ టైరు 28 మిల్లీమీటర్లు, వేలెడు వెడల్పు కూడా కాదు.

నిరుడు కార్తీకంలో ఇదే పద్ధతిలో నేనూ పడ్డాను. అదృష్టవశాత్తు వెనక వస్తున్నది ఎడ్లబండి. పొలంలో కలుపు తీస్తున్న ఒక పెద్దమ్మ గట్టు దాటి వచ్చి, "పైలం తమ్మీ, ఈ జాగల మొన్న మా మనుమడు గిట్లనే వడ్డడు, ముందటి రెండు పండ్లు వోయినయ్" అంటూ తన చెంబులో నీళ్లు నా మోచేతి మీద పోసింది. ఆ మనుమడు ఎనిమిదో తరగతి; పక్క ఊరి హైస్కూల్‌కు సైకిల్ మీద పోయి వస్తాడట. ఈ ఉత్తరం రాయాలని అప్పుడే అనుకున్నాను. సోమరితనం వల్ల ఇన్నాళ్లు పట్టింది.

హెల్మెట్ పెట్టుకుని బిగుతు దుస్తులు వేసుకుని ఆదివారం పూట తిరిగే మాలాంటి వారి కోసం ప్రభుత్వ సొమ్ము ఎందుకు ఖర్చు చేయాలని ఎవరైనా అడిగితే, అడగవలసిన ప్రశ్నే. మేము పదిమందిమి, మాది సరదా. కానీ ఆ రోడ్ల మీద సైకిల్ తొక్కేవారిలో మేము లెక్కలోకే రాము. పొద్దున్న ఆరు నుంచి ఏడున్నర దాకా పాల క్యాన్లు కట్టుకున్నవారు, పనికి పోయే కూలీలు, వెనక సీటు మీద ఎరువు బస్తా వేసుకున్న రైతులు కనిపిస్తారు. ఎనిమిదిన్నరకు యూనిఫాం వేసుకున్న ఆడపిల్లలు ఇద్దరిద్దరుగా, ముగ్గురు ముగ్గురుగా మాటలాడుకుంటూ వస్తారు. బండి వస్తే వాళ్లు ఒకరి వెనక ఒకరుగా సర్దుకుని, తారు అంచు మీద తీగ మీద నడిచినట్టు తొక్కుతారు. ఆ పిల్లలు మట్టిలోకి దిగరు, దిగితే ఎక్కలేమని వాళ్లకు తెలుసు. నాకు తెలియడానికి మోచేయి పగలవలసి వచ్చింది.

ఇతర ఇబ్బందులు లేవని కాదు. గోదావరి తీరం నుంచి జాతీయ రహదారి మీద వచ్చే ఇసుక లారీ పక్క నుంచి దూసుకుపోతే దాని గాలి సైకిల్‌ను లోపలికి గుంజుతుంది. రోడ్డు పక్క సర్కారు తుమ్మ కొట్టి కంపను అక్కడే వదిలేస్తే ఆ ముల్లు ఎంత ఖరీదైన టైరునూ వదలదు. కొట్టిన నెలరోజులకు కూడా ఎండు ముల్లు తారు మీద పొంచి ఉంటుంది. వానాకాలం, యాసంగి కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెడతారు. పగలు ఫర్వాలేదు, చీకటిలో ఆ రాళ్ల వల్ల ద్విచక్ర వాహనాలవారు పడుతున్న వార్తలు మీ పత్రికలోనే ప్రతి సీజన్‌లో చదువుతున్నాం. అయినా రైతును తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ఉపాధి హామీ కింద కొన్ని ఊళ్లలో కల్లాలు కట్టారు, కట్టని ఊళ్లలో అకాల వాన తరుముకొస్తుంటే అతను వడ్లు ఎక్కడ పోయాలి? "అన్నా, జర పక్కకెళ్లి పో, వడ్లల్ల తొక్కకు" అని ఎవరైనా అన్నప్పుడు నేను సైకిల్ దిగి నడిపించుకుంటూ పోతాను. కాని రోడ్డు సగం వడ్లకు పోయి, మిగిలిన సగం పక్కన మట్టి కూడా లేకపోతే ఆ దారిన రెండు బండ్లు ఎలా తప్పుకుంటాయో అధికారులు ఒకసారి వచ్చి చూడాలని కోరుతున్నాను.

హైదరాబాద్‌లో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సౌరపలకల కప్పు వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌ను 2023 అక్టోబరులో ప్రారంభించారు. నేను చూసి వచ్చాను, బాగుంది, నగరానికి అది అవసరం. అలాంటిది మాకు కావాలని నేను అడగడం లేదు. మా దారికి చింతచెట్ల కప్పు ఉంది. నా భయమల్లా పర్యాటకం పేరు చెప్పి ఆ దారిని రేపు వెడల్పు చేసి ఆ చెట్లు కొడతారేమోనని. రోడ్డు వెడల్పయితే బండ్ల వేగం పెరుగుతుంది, నీడ పోతుంది, ఎనిమిదిన్నరకు వచ్చే ఆ పిల్లలకు జాగా మాత్రం పెరగదు. ఇరువైపులా నాలుగేసి అడుగుల గట్టి మొరం పట్టీ ఉంటే ఇప్పుడున్న వెడల్పే చాలు.

పాత దారిని పాతగానే ఉంచి దాని మీద బతకవచ్చని చూపినవారు ఇతర దేశాల్లో ఉన్నారు. ఇటలీలో టస్కనీ ప్రాంతపు గుట్టల మధ్య పాత ఊళ్లను కలిపే తెల్ల కంకర దారులుండేవి. వాటికి ఒక్కొక్కటిగా తారు వేస్తూ పోతుంటే, ఆ దారులను కాపాడుకోవాలన్న తలంపుతో 1997లో గయోలే అనే చిన్న ఊరి నుంచి లెరోయికా అనే సైకిల్ యాత్ర మొదలుపెట్టారు. మొదటి ఏడు వచ్చినవారు 92 మంది. నేడు అది వేల మంది వచ్చే ఉత్సవం. యాత్ర లేని రోజుల్లో కూడా ఎవరైనా వెళ్లి తొక్కేందుకు రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దారి పొడవునా శాశ్వత గుర్తు బోర్డులు పెట్టారు. 1987కు ముందు తయారైన పాత సైకిళ్లకే ఆ యాత్రలో ప్రవేశమట. నా అట్లాస్ 1984లో కొన్నది, వయసు సరిపోతుంది కానీ అది రేసు సైకిల్ కాదని గేటు దగ్గర ఆపుతారేమో! అక్కడివారికి కంకర దారి, మనకు కంకర అంచు. మనం అడుగుతున్నది వారికన్నా తక్కువే.

ఉత్తర తెలంగాణలో కొండదారులు కావాలనుకునేవారికి ఆసిఫాబాద్ నుంచి కెరమెరి ఘాట్ ఎక్కి జైనూర్, ఉట్నూర్ వైపు పోయే దారి ఉంది. అక్కడి నుంచే 1940లో కుమ్రం భీం నేలకొరిగిన జోడేఘాట్‌కు పోవచ్చు. ఆ మలుపుల్లో నేను రెండుసార్లు సైకిల్ తొక్కాను. అక్కడ ఒకవైపు లోయ, కనుక అంచున మట్టి లేకపోవడం మరింత పెద్ద మాట. ఆ దారి గురించి ఆ జిల్లావాసులెవరైనా నాకన్నా బాగా రాయగలరు.

నా విన్నపం ఇది. జంగాలపల్లి నుంచి పాలంపేట, అక్కడి నుంచి గణపురం మీదుగా పరకాల–భూపాలపల్లి రోడ్డు వరకు ఉన్న దారికి వచ్చే వానాకాలం లోపు ఇరువైపులా మొరం పోసి తొక్కించాలి. ఇక మీదట ఏ గ్రామీణ రోడ్డుకు తారు పొర వేసినా, మట్టి పని పూర్తి కానిదే బిల్లు చెల్లించరాదన్న నియమాన్ని గట్టిగా పాటించాలి. పూర్వం రోడ్డుకు ఇంత దూరానికి ఇందరని గ్యాంగ్ కూలీలు ఉండి, వాన వెలిసిన మరునాడే పార పట్టుకుని అంచులు సరిచేసేవారు. ఆ ఏర్పాటును ఏదో ఒక రూపంలో తిరిగి తెస్తే ఊళ్లో నలుగురికి పని కూడా దొరుకుతుంది. ఊరి పేరు, తరువాతి చెరువు, తరువాతి గుడి ఎంత దూరమో తెలిపే చిన్న బోర్డులు ఒకే వరుస స్పెల్లింగుతో పెడితే మేలు. ఆదివారాల్లో ములుగు వైపు వెళ్లే ఒకటి రెండు ఆర్టీసీ బస్సుల వెనక రెండు సైకిళ్లు పట్టే కొక్కేలు పెట్టించగలిగితే, జాతీయ రహదారి మీద లారీల నడుమ తొక్కే ధైర్యం లేనివారు కూడా జంగాలపల్లిలో దిగి తమ చుట్టు మొదలుపెట్టగలరు. పాత పల్లెబస్సుల మీద నిచ్చెన ఎక్కి సైకిళ్లు, మేకలు, కూరగాయల గంపలు వేసిన తరం మాది, కనుక ఇది కొత్త కోరిక కాదు.

పడిన తరువాత మరో రెండు తిరుగుళ్లలో టేపు వెంట తీసుకెళ్లి, పాలంపేట–గణపురం మధ్య కిలోమీటరుకు ఒకచోట చొప్పున అంచు మెట్టు కొలిచాను. తక్కువలో తక్కువ మూడంగుళాలు, ఎక్కువలో ఎక్కువ ఏడంగుళాలు వచ్చింది. ఏడంగుళాలు వచ్చిన చోటు ఒక బడికి కూతవేటు దూరంలో ఉంది. కొలతల కాగితం, ఆయా చోట్ల గుర్తులతో సహా, నా దగ్గర ఉంది. సంబంధిత ఇంజినీర్లు ఎవరైనా చూడదలిస్తే మీ కార్యాలయం ద్వారా అందజేస్తాను. వారు సరేనంటే వారి జీపు వెనక సైకిల్ మీద వచ్చి ఒక్కొక్క చోటూ చూపిస్తాను.

ఇట్లు,
విశ్రాంత వర్క్ ఇన్‌స్పెక్టర్,
హనుమకొండ